లోపలి చీటీ

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలికవుతుంది. మా వీధిలో ఎవరికైనా కొత్త సైకిల్ వస్తే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. అయితే సైకిళ్ళ మీద అసూయ రెండు రోజుల్లో చల్లారేది. పాచి మీద పుట్టిన అసూయ మాత్రం ముసలితనం దాకా నాతోనే వచ్చింది. అవును, పాచి మీదే. వానాకాలం బావి గోడలకూ మోరీల అంచులకూ పట్టే పాచి. మా సూర్యాపేటలో పాకురు అంటాం. దాని మీద కాలు జారినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. బుద్ధి జారినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

పందొమ్మిది వందల నలభైల చివరి సంగతి ఇది. నేను సూర్యాపేట బడిలో సైన్సు పంతుల్ని. నా స్నేహితుడు మిర్యాలగూడ బడిలో సైన్సు పంతులు. ఇద్దరం హైదరాబాదులో ఒకే హాస్టల్ గదిలో ఉండి, ఒకే ప్రొఫెసర్ దగ్గర ఉర్దూలో వృక్షశాస్త్రం చదువుకున్నాం. వాడిది కోదాడ. అమ్మగారి తరఫు వాళ్ళంతా హైదరాబాదు సంస్థానం సరిహద్దుకు అవతల, కృష్ణా జిల్లాలో. అందుకని వాడికి చిన్నప్పటి నుంచే తెలుగు చదవడం, రాయడం గుండ్రంగా వచ్చు. నాకు మాట్లాడటమే వచ్చు. నా ఉర్దూ దస్తూరీ చూసి మౌల్వీ సాబులు మెచ్చుకునేవాళ్ళు గాని, తెలుగు అక్షరాలు రాయమంటే రెండో తరగతి పిల్లవాడి చెయ్యి నాది. సర్కారు మారి బడుల్లో ఉర్దూ పోయి తెలుగు వచ్చిన ఏడాది నా బతుకు నల్లబల్ల మీద నవ్వులపాలైంది. పిల్లలు పాఠం వినడం మానేసి నా ఒత్తులు లెక్కపెట్టేవాళ్ళు. అదే ఏడాది వాడు మిర్యాలగూడలో హాయిగా, తప్పు లేకుండా తెలుగులో పాఠాలు చెబుతున్నాడని విన్నాను. నా కడుపు మండింది.

నిజానికి ఆ మంట అప్పటిది కాదు. హాస్టల్‌లో ఉన్నప్పుడే ఉంది. ఇద్దరం ఒకే మొక్కను చూసేవాళ్ళం. నేను ముందు కనిపెట్టేవాణ్ణి. కొండల్లోనైనా, కాలేజీ గోడ వెనకైనా కొత్తది ఏదుందో నా కంటికి ఇట్టే చిక్కేది. తీరా అదేమిటో చెప్పేది మాత్రం వాడు. నేను పేరు చెబితే ప్రొఫెసర్ సాబ్ ‘మళ్ళీ చూడు’ అనేవాడు. వాడు చెబితే తలూపేవాడు. ఆ తలూపు కోసం నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు ప్రొఫెసర్ సాబ్ దగ్గర నుంచి ఇద్దరికీ ఒకే రకం ఉత్తరం వచ్చింది. కాలేజీలో ఎండబెట్టిన మొక్కలు దాచే గది ఒకటుంది. ఆ గదికి సహాయకుడి ఉద్యోగం ఖాళీ అయింది. నల్లగొండ జిల్లా పాచుల జాబితా దాదాపు ఖాళీగా ఉంది కాబట్టి, మీ ఊళ్ళ చుట్టుపక్కల దొరికినవి పంపండి, ఎవరి పని నమ్మకంగా ఉంటే వాళ్ళను పిలిపించుకుంటాను అని రాశాడు. ఉత్తరం చివర, తన పాత నియమం మరచిపోవద్దని గుర్తు చేశాడు. మొక్కను పాత కాగితంలో మడిచి, దాని పక్కనే ఒక చీటీ పెట్టాలి. ఎక్కడ దొరికింది, ఎవరికి దొరికింది, ఎవరు గుర్తించారు, అన్నీ ఆ చీటీలో ఉండాలి. పైన కవరు మీద ఇంకో చీటీ. ‘కవరు చిరుగుతుంది, తడుస్తుంది, చెదలు తింటాయి. లోపలి చీటీ మొక్కతోనే పడుకుంటుంది. నేను నమ్మేది దాన్నే’ అని క్లాసులో వందసార్లు చెప్పి ఉంటాడు.

ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంతగా కావాలంటే, ఉత్తరం వచ్చిన రోజు నుంచి నల్లబల్ల ముందు నిలబడితే నా కళ్ళకు ఆ గదిలోని బీరువాలే కనిపించేవి. అక్కడ ఒత్తులు లేవు, నవ్వే పిల్లలు లేరు. వాడికి అంత అవసరం లేదని నా లెక్క. మంచి పంతులని పేరుంది, కొత్తగా పెళ్ళయింది, పైగా దవాఖానలో కాంపౌండరుగా చేసిన మామగారు పాత ఇత్తడి మైక్రోస్కోపు కూడా ఇచ్చాడు. నాకు ఉన్నదల్లా గాజు పెంకంత చేతి భూతద్దం. అన్నీ ఉన్నవాడికి ఇది కూడా ఎందుకు అని నేను దేవుణ్ణి అడిగాను, సిగ్గు లేకుండా.

వానలు పడ్డాక సెలవు రోజుల్లో సంచీ తగిలించుకుని తిరిగాను. దళాల కోసం గాలింపులు జరిగే ఆ రోజుల్లో సంచీతో ఒంటరిగా తిరిగేవాణ్ణి చూస్తే అందరికీ అనుమానమే. కోదాడ రోడ్డు మీద మిలిటరీ క్యాంపు దగ్గర ఒక సిపాయి ఆపి సంచీ విప్పించాడు. లోపల తడి పాచి ఉండలు చూసి ‘దవాయీ?’ అన్నాడు, మందా అని. కాదు, పాకురు అన్నాను. ఒక ఉండ తీసి వాసన చూసి, ఇంకో సిపాయిని పిలిచి అతనికీ వాసన చూపించి, ఇద్దరూ నన్ను జాలిగా చూసి వదిలేశారు.

ఆ క్యాంపు దాటి కొంత దూరం పోయాక ఒక వాగు ఉంది. వాన వెలిసిన నాలుగు రోజులకే పైన నీళ్ళు ఆగిపోయి ఇసుక మిగిలేది. ఆ ఇసుకలో చేత్తో తవ్వుకున్న నీటి గుంటను చెలమ అంటారు. తవ్విన కాసేపటికి అడుగు నుంచి తేట నీళ్ళు ఊరతాయి. పశువులు కాసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు దోసిళ్ళతో అవే తాగేవాళ్ళు. ఒడ్డుకు దగ్గరగా, ఎప్పుడూ నీరు ఊరే ఒక పాత చెలమ ఉండేది. దాని మీదికి ఒక ఈతచెట్టు పూర్తిగా వంగి ఉంది. ఆ చెట్టు మొదట్లో, గీతలు గీతలుగా ఉన్న బెరడు సందుల్లో, నేను ఎన్నడూ చూడని పాచి కనిపించింది. తెలుపు కలిసిన లేతపచ్చగా, మెత్తటి దిండ్లలాగా. ఒక దిండు తీసి పిండితే నీళ్ళు ధారగా కారాయి. ఇంకొకటి ఎండలో పెడితే కాసేపటికి సున్నం వేసినట్టు తెల్లబడింది.

చలి దేశాల్లో, ఎన్నటికీ ఆరని బురద నేలల్లో పెరిగే పాచి ఒకటుందని ప్రొఫెసర్ సాబ్ చెప్పేవాడు. లాటిన్‌లో స్ఫాగ్నం. మేమిద్దరం దానికి బురద పాచి అని పేరు పెట్టుకున్నాం. తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు తాగుతుంది, ఎండితే తెల్లబడుతుంది, పెద్ద యుద్ధంలో దూదికి బదులు గాయాల మీద పెట్టి కట్టారట. ‘మన దక్కన్ ఎండలకు అది ఒక్క పూట బతకదు. బతికిందని ఎవరైనా చూపిస్తే నా టోపీ తీసి వాడి తలకు పెడతాను’ అనేవాడు. ఇంటికి తిరిగి వస్తున్నంతసేపూ ఆ టోపీ నా తల మీదే ఉంది.

అమ్మ ఊరుకోలేదు. ‘‘ఊరంత పాకురు పోవాలె అని సున్నం గొడ్తుంటే నువ్వు ఇంట్లకు మోసుకొస్తవా? ఎవలన్న జారి పడితే ఎట్ల బిడ్డా?’’ అంది. ఇది జారే పాకురు కాదే, నాకు నౌకరీ ఇచ్చే పాకురు అన్నాను. అమ్మ దానికి చేట ఒకటి ఇచ్చింది.

అయితే భూతద్దంతో చూసి ప్రొఫెసర్‌కు పంపితే ఆయన మళ్ళీ ‘మళ్ళీ చూడు’ అంటాడు. ఆకును మైక్రోస్కోపు కింద చూసి, లోపలి గదుల బొమ్మ గీసి పంపాలి. మైక్రోస్కోపు ఉన్నది వాడి దగ్గర. రెండు వారాలు ఆలోచించి, వేరే దారి లేక మిర్యాలగూడ బస్సెక్కాను.

వాడు నన్ను చూసి ఎగిరి గంతేశాడు. వాడి భార్య ‘‘కాళ్ళు కడుక్కోండి అన్నయ్యా’’ అంటూ చెంబు ఇచ్చింది. నేను సరిగా కూర్చోకముందే పాచిని బయటకు తీశాను. వాడు దాన్ని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి, లోపలికి వెళ్ళి, పెళ్ళినాటి బాసికం ఒకటి పట్టుకొచ్చాడు. పెళ్ళిలో నుదుట కట్టే బాసికం జీలుగు బెండుతో చేస్తారు కదా. అందులోంచి బెండు ముక్క విరిచి, దాన్ని నిలువుగా చీల్చి, సందులో ఆకును ఇరికించాడు. తర్వాత గడ్డం గీసుకునే బ్లేడుతో బెండునూ ఆకునూ కలిపి అడ్డంగా, పల్చగా కోశాడు. ఒట్టి ఆకును కోస్తే నలిగిపోతుంది. బెండు పట్టుకుని ఉంటే నలగదు. ఈ ఉపాయం నాకు తట్టలేదు. వాడి భార్య గుమ్మంలో నిలబడి ‘‘నా బాసికమంతా ఆకులకే ఖర్చైపోయింది’’ అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వాడు చాలాసేపు చూశాడు. చివరికి తల ఎత్తి, ‘‘ఇది నువ్వనుకునేది కాదేమోరా’’ అన్నాడు.

‘‘ఎందుకు కాదు? పిండితే నీళ్ళు గార్తలేవా? ఎండితే తెల్లగయితలేదా?’’

‘‘అవుతుంది. కానీ బురద పాచికి తల మీద కుచ్చు ఉండాలి, కాడకు గుత్తులు గుత్తులుగా కొమ్మలు ఉండాలి. దీనికి ఒక్క కొమ్మ లేదు, చూడు. ఆకు కూడా మందంగా ఉంది. లోపల ఖాళీ గదులు వరసలు వరసలుగా ఉన్నాయి.’’

‘‘మన దిక్కు ఎండకు గట్ల మారిందేమో.’’

‘‘ఏమో. కాయ వస్తే తేలిపోతది. కాయ మూత ఊడినాక నోటి చుట్టూ పళ్ళలాగా ఉంటాయి గదా, వాటిని లెక్కపెట్టాలి. బురద పాచికి పళ్ళే ఉండవు. వానలు తగ్గినాక కాయ కాస్తది. అందాక పంపొద్దు. నా మాట విను.’’

తిరుగు బస్సులో ఆ ‘పంపొద్దు’ అన్న మాట నాతోపాటే కూర్చుంది. మిర్యాలగూడ దాటేటప్పుడు, పాపం, మంచికే చెప్పాడు అనుకున్నాను. హుజూర్‌నగర్ వచ్చేసరికి, ఎందుకు ఆగమన్నాడు అనుకున్నాను. కోదాడలో బస్సు మారేసరికి నాకు అంతా తెలిసిపోయింది. నన్ను ఆపి తాను పంపుకోవడానికే. సగం పాచి వాడి దగ్గరే వదిలేసి వచ్చానని కూడా అప్పుడే గుర్తొచ్చింది. సూర్యాపేటలో దిగేసరికి వాడంత నమ్మకద్రోహి భూమ్మీద లేడు.

అయినా నేను పంపలేదు. ఎందుకంటే వాడి మాట తప్పైన రోజు అంతకుముందు ఒక్కటీ లేదు. అదీ నా కోపానికి ఒక కారణమే.

దీపావళి సెలవులకు నాలుగు రోజుల ముందు నేను బడి నుంచి ఇంటికి వస్తే అమ్మ, ‘‘మీ దోస్తు వచ్చి పోయిండు. నువ్వు బడికి పోయినవ్ అని చెప్పిన. చెలమ ఏడున్నది అని అడిగిండు. ఈతచెట్టు గుర్తు చెప్పి పంపిన’’ అంది.

‘‘నన్ను అడగకుంట ఎందుకు చెప్పినవే?’’ అని అరిచాను. చెలమకు తాళం ఎవరేస్తారని అమ్మకు ఆశ్చర్యం. నీళ్ళు అడిగినవాడికి నీళ్ళు చూపించడం తప్పా అన్నట్టు చూసింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వాగు దాకా పరుగెత్తాను. ఈతచెట్టు మొదట్లో రెండు దిండ్లు కొత్తగా కోసిన గుర్తులున్నాయి. ఎంత జాగ్రత్తగా కోశాడంటే, పక్కవి కదల్లేదు కూడా. అది చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

వారం తర్వాత నేను హైదరాబాదు వెళ్ళవలసి వచ్చింది. ఉర్దూలో చదివిన పంతుళ్ళందరూ తెలుగు పరీక్షకు దరఖాస్తు ఇచ్చుకోవాలి. బయలుదేరే రోజు పొద్దున్నే వాడు కోదాడ నుంచి బస్సు దిగి సరాసరి మా ఇంటికి వచ్చాడు. చేతిలో బ్రౌన్ కవరు ఉంది.

‘‘పట్నం పోతున్నావని తెలిసిందిరా. దీన్ని సారు చేతుల్లోనే పెట్టు. కాయలు మూత ఊడటానికి సిద్ధంగా ఉన్నాయి, దోవలో విప్పావంటే రాలిపోతాయి. లోపల అంతా రాశా. నేను పోవాల, మా ఆవిడ నల్లగొండ బస్సులోనే కూర్చోనుంది’’ అని, నేను నోరు తెరిచేలోపే రోడ్డెక్కాడు.

కవరు మీద వాడి గుండ్రటి దస్తూరీ. ఉర్దూలో ప్రొఫెసర్ చిరునామా. దాని కింద ‘సూర్యాపేట తాలూకా, చెలమ పక్క ఈతచెట్టు’. ఇంకా కింద ‘పంపినవారు’ అని వాడి పేరు, మిర్యాలగూడ. నా పేరు ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూశాను. అక్కడా లేదు.

నా చెలమ. నా ఈతచెట్టు. సిపాయిల ముందు సంచీ విప్పింది నేను. వాడి కవరును వాడి ఉద్యోగం కోసం నేనే మోసుకుపోవాలి. నా మొఖాన అంత వెర్రితనం రాసి ఉందా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒక్కటే ఆశ్చర్యం. లోపలి చీటీ సంగతి నాకు తెలుసు. వాడికంటే ముందే నేర్చుకున్నాను. ‘లోపల అంతా రాశా’ అని వాడు నోటితో చెప్పాడు కూడా. ఆ పూట అది నా చెవికి ఎక్కలేదు.

కవరును జాగ్రత్తగా విప్పి లోపలి మడతను బయటకు తీశాను. కాయలు రాలిపోతే నా సాక్ష్యమే పోతుందని మడత విప్పలేదు. ఇంకో కవరు తీసుకుని దాంట్లో పెట్టాను. పైన నా చక్కటి ఉర్దూ దస్తూరీతో రాశాను. దొరికిన చోటు, సూర్యాపేట తాలూకా, చెలమ. సేకరించింది నేను. గుర్తించింది నేను. పేరు స్ఫాగ్నం. వాడి కవరును తీసుకుపోయి అమ్మ నీళ్ళు కాగబెడుతున్న పొయ్యిలో పెట్టాను. ‘‘ఏం కాయిదం బిడ్డా?’’ అంది. పాతది అన్నాను.

ప్రొఫెసర్ సాబ్ గదిలో ఆ వాసన అలాగే ఉంది, ఎండు ఆకులూ నాఫ్తలీనూ కలిసిన వాసన. ఆయన ఇంకా సన్నబడ్డాడు. కవరు తీసుకుని పైన చదివాడు. స్ఫాగ్నం అన్న మాట దగ్గర కనుబొమలు పైకి లేచాయి. నవ్వుతూ, పక్కనున్న గుమాస్తాకు కవరు ఇచ్చి రిజిస్టరులో ఎక్కించమన్నాడు. తానే మడత విప్పడం మొదలుపెట్టాడు. పాచి బయటపడింది. దానితోపాటు నాలుగు వేళ్ళంత చీటీ. దాని మీద గుండ్రటి దస్తూరీ.

ఆయన చీటీ చదువుతున్నాడు. ఒక పక్క నుంచి గుమాస్తా నన్ను అడుగుతున్నాడు. ‘‘సూర్యాపేట తాలూకా... చిలుం. చిలుం అంటే ఊరి పేరా?’’ ఉర్దూలో చెలమ రాస్తే చే, లామ్, మీమ్, మూడే అక్షరాలు. మధ్యలో అచ్చులు కనిపించవు. తెలుగు రానివాడికి అది పొగాకు తాగే చిలుం. కాదు, చెలమ అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. కానీ అప్పటికే ప్రొఫెసర్ సాబ్ చీటీని నా వైపు తిప్పి పెట్టాడు.

సేకరించినవారు, నా పేరు. గుర్తించినవారు, మళ్ళీ నా పేరు, దాని పక్కన వాడి పేరు. వాడి పేరు రెండోది. కింద లాటిన్‌లో అసలు పేరు. ఎనిమిది రెప్పలది అని అర్థం వచ్చే పేరు. ‘కాయ నోటి చుట్టూ పళ్ళు ఎనిమిది, మూడు కాయల్లో లెక్కపెట్టాం. స్ఫాగ్నం కాదు, చెట్ల మొదళ్ళ మీద పెరిగే తెల్ల పాచి. ఈ జిల్లాలో ఇంతకుముందు నమోదు కాలేదు’ అని రాశాడు. లెక్కపెట్టాం అట. చోటు దగ్గర ఉర్దూ పక్కనే, పొరపాటు పడకుండా, తెలుగు అక్షరాల్లో కూడా ‘చెలమ’ అని రాశాడు. ఆ గదిలో ఆ అక్షరాలు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

గుమాస్తా మళ్ళీ అడిగాడు, ‘‘ఊరేనా?’’ నేను తల ఊపాను. అతను చిలుం అని ఎక్కించాడు.

ప్రొఫెసర్ సాబ్ కవరును గుమాస్తా దగ్గర నుంచి తిరిగి తీసుకుని, చీటీ పక్కన పెట్టి, రెండు దస్తూరీలూ చూశాడు. కోప్పడతాడేమోనని చూశాను. కోప్పడితే బాగుండేది. ‘‘రెండు చీటీల్లోనూ నీ పేరే ఉంది మియా’’ అన్నాడు మెల్లగా. ‘‘ఒకటి నువ్వు రాసుకున్నావు. ఒకటి నీకు రాశారు.’’ కవరును మడిచి షేర్వాణీ జేబులో పెట్టుకున్నాడు. చాయ్ తాగి వెళ్ళమన్నాడు. నేను తాగాను కూడా.

ఉద్యోగం వాడికి వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. పట్నం వెళ్ళేముందు వాడు సూర్యాపేటలో దిగి నన్ను కావలించుకున్నాడు. ‘‘నువ్వు దొరకబట్టకపోతే, నువ్వు తీసుకెళ్ళి ఇయ్యకపోతే నాకీ ఉద్యోగం యాడిదిరా’’ అన్నాడు. వాడికి ఏమీ తెలియదు. ప్రొఫెసర్ చెప్పలేదు. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి నవ్వాను. సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే బాగుంటుంది గాని అది సగమే నిజం. మిగతా సగం, అంత మంచితనం కూడా వాడికే ఎందుకు దొరికింది అన్న మంట. ఉద్యోగం పోయినదానికంటే అదే ఎక్కువ కాల్చింది. వాణ్ణి తిట్టుకోవడానికి నాకు ఒక్క కారణం మిగల్చలేదు.

కొన్ని నెలలకు వాడి దగ్గర నుంచి కార్డు వచ్చింది, తెలుగులో. ‘పాత రిజిస్టరును కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. మన పాచికి చోటు చిలుం అని ఉంది. ఎవరు చేశారో ఈ తప్పు. పై కవరు ఎంత వెతికినా కనిపించలేదు. చీటీలో నేను చెలమ అని తెలుగులో కూడా రాశాను గదా. సేకరించింది నువ్వు కాబట్టి నీ మాట లేకుండా దిద్దకూడదని సారు అంటున్నాడు. దిద్దమంటావా?’

ప్రొఫెసర్ సాబ్ ఆ నిర్ణయం నాకే వదిలిపెట్టాడని అర్థమైంది. దిద్దమంటే ఒక్క మాటతో అయిపోతుంది. కానీ వాడు దిద్దుతాడు. వాడి గుండ్రటి అక్షరాల్లో, తప్పు లేకుండా. ఆ పుస్తకంలో నా చేతితో వచ్చింది ఏదైనా ఉంటే ఆ తప్పొక్కటే, అదీ వాడి దస్తూరీలోకి పోతుంది. ‘ఉండనీ’ అని రాసి పంపాను. తెలుగులో నేను రాసిన మొదటి ఉత్తరం అది. ఒత్తులు లేని మాట కాబట్టి తప్పు దొర్లలేదు.

తర్వాత ఆ వాగు పక్కకు కాలువ నీళ్ళు వచ్చాయి. చెలమలు తవ్వే అవసరం తీరింది, ఒడ్డు చదును చేసి వరి వేశారు, ఈతచెట్టు ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. వాడు ఆ గదిలోనే రిటైరై, అక్కడే పోయాడు. వాడి భార్య కబురు పంపితే వెళ్ళాను. వాడి పుస్తకాల మధ్య ఒక పాత బాసికం ముక్క, బ్లేడు గాట్లతో, అట్లాగే ఉంది. ఆమె అది నాకిచ్చింది. వద్దన్నాను, మళ్ళీ తీసుకున్నాను.

ఆ పుస్తకంలో ఇప్పటికీ సూర్యాపేట తాలూకాలో చిలుం అనే ఊరు ఉంది. ఆ ఊరి కోసం ఎవరైనా వెతికితే దొరకదు. కాబట్టి ఆలస్యమైనా ఇక్కడ దిద్దుతున్నాను. అది ఊరు కాదు, చెలమ. కోదాడ రోడ్డు మీద వాగు ఒడ్డున ఉండేది. పాచి నాకు దొరికింది. దాన్ని గుర్తించింది వాడు, వాడొక్కడే. ‘లెక్కపెట్టాం’ అన్నది అబద్ధం. ఆ ఎనిమిది పళ్ళను నేను ఒక్కసారి కూడా చూడలేదు.